హొసకోటె ముంగిట రోడ్డుకు తారు చివర్న వేయండి

సంపాదకులు గారికి, నమస్కారం.

బెంగళూరు చుట్టూ వస్తున్న పెద్ద రోడ్ల గురించి పత్రికల్లో రోజూ వార్తలే. చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే ఎంతవరకు తెరిచారు, శాటిలైట్ టౌన్ రింగ్ రోడ్డు ఎక్కడిదాకా వచ్చింది, ఏ ఊరి పక్కన ఎకరం ఎంత పలుకుతోంది, అన్నీ వస్తున్నాయి. ఆ పెద్ద రోడ్డు దిగి ఊళ్లోకి పోయే రెండు మూడు కిలోమీటర్ల సంగతి మాత్రం ఎక్కడా కనబడదు. బెంగళూరుకు తూర్పున ఉన్న హొసకోటె ఊరి ముంగిట రోడ్డు గురించి నాకు తెలిసినంతలో చెబుదామని ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగైనా వేయమని మనవి.

మాది పలమనేరు దగ్గర పల్లె. కుర్రతనంలోనే బెంగళూరు వచ్చి కేబుల్ పనుల్లో చేరాను. మొదట పార పట్టాను, తర్వాత గ్యాంగు మేస్త్రీనయ్యాను, ఆఖరికి సైట్ సూపర్‌వైజరుగా పని మానేశాను. ముందు టెలిఫోన్ కేబుళ్లు, తర్వాత కరెంటువి, ఆ తర్వాత ఇంటర్నెట్ ఫైబరు. నాతో పనిచేసినవాళ్లలో ఎక్కువమంది పాలమూరు వాళ్లు. బెంగళూరు నేల కింద ఏముందో వాళ్లకు తెలిసినంత చాలామంది ఇంజనీర్లకు కూడా తెలియదు. నేను ఇప్పుడు కె.ఆర్.పురంలో ఉంటున్నాను, మా అమ్మాయి కాపురం హొసకోటెలో. పాత మద్రాసు రోడ్డే నాకు సొంతూరికి పోయే దారి, కూతురింటికి పోయే దారి కూడా.

హొసకోటె చిన్న ఊరే. 2011 జనాభా లెక్కల్లో దాదాపు 57 వేల మంది. కానీ ఈ ఊరి మీద పడిన దారులు చూడండి. కోలారు, ముళబాగిలు వైపు పోయే 75వ నంబరు జాతీయ రహదారి ఇటే. చింతామణి మీదుగా మదనపల్లె, రాయచోటి, కడప పోయే బస్సులు మలుపు తిరిగేది ఇక్కడే. దాబస్‌పేట నుంచి దొడ్డబళ్లాపుర, దేవనహళ్లి మీదుగా శాటిలైట్ రింగ్ రోడ్డు ఇక్కడికే చేరింది. శ్రీపెరంబుదూరు దాకా 262 కిలోమీటర్ల ఎక్స్‌ప్రెస్‌వే మొదలయ్యేదీ హొసకోటె దగ్గరే. కర్ణాటకలోని దాదాపు 70 కిలోమీటర్ల భాగం మీద 2024 చివర్లో బళ్లను వదిలారు. చుట్టూ గోడౌన్లు, వాటికి వచ్చే లారీలు. మెట్రోను కె.ఆర్.పురం నుంచి ఇక్కడిదాకా తేవాలన్న మాట కూడా నడుస్తోంది. వందల కోట్లు, వేల కోట్ల రోడ్లన్నీ ఊరి పక్కదాకా వచ్చాయి. ఊళ్లోకి దిగే దారికి వచ్చేసరికి ఎవరికి వారే యమునా తీరే.

తిరుపతి బస్సు దిగినవాళ్లు సంచులతో సర్వీస్ రోడ్డు మీదే నిలబడతారు. ఆటోలు అక్కడే, బొండాల బండ్లు అక్కడే, గోడౌను గేటు తెరిచేదాకా ఆగిన లారీలూ అక్కడే. పక్కన వాన కాలువ, దాని మీద స్లాబులు. వాటిని ఎత్తడానికి పెట్టిన ఇనుప కొక్కేలు వంచకుండా వదిలేస్తే పైకి పొడుచుకుని ఉంటాయి. మా ఆవిడ చీర ఒకసారి ఆ కొక్కేనికి పట్టుకుని, పడబోయి ఎవరో పట్టుకుంటే నిలబడింది. అక్కడి నుంచి మా అమ్మాయి ఉండే లేఅవుటు దాకా నడిచేవాళ్లకు ఫుట్‌పాత్ అనేది ముక్కలుగా ఉంటుంది. ఒక షాపు ముందు ఎత్తు, ఇంకో షాపు ముందు ర్యాంపు, మధ్యలో ట్రాన్స్‌ఫార్మరు. ముసలివాళ్లు, పిల్లల్ని ఎత్తుకున్నవాళ్లు చివరికి రోడ్డు మీదికే దిగుతారు.

ఇవాళ కాకపోతే రేపైనా ఈ రోడ్డుకు డబ్బు వస్తుంది. వచ్చినప్పుడు ఏం చేస్తారన్నదే నా బాధ. మామూలుగా జరిగేది తారు వేయడం. నాలుగు రోజుల్లో నల్లగా, నున్నగా కనబడుతుంది, ఫోటోలు బాగా వస్తాయి. ఇల్లు అలకగానే పండగ కాదని మన పెద్దలు ఊరికే అనలేదు. ఆ రోడ్డు కింద ఏం పోవాలో ముందు తేల్చి, అది వేసి, మూసి, అప్పుడు తారు వేయాలి. నేను అడిగేది ఈ ఒక్కటే. మిగతా రాసేదంతా దీని కోసమే.

హొసకోటెకి రేపు ఏం కాబోతుందో చూడాలంటే కె.ఆర్.పురం వస్తే చాలు. 2007లో బెంగళూరు మహానగర పాలికెలో కలిపేదాకా ఇది కూడా ఒక నగరసభే, అంటే విడి మునిసిపాలిటీ. మహదేవపుర, బొమ్మనహళ్లి, దాసరహళ్లి, రాజరాజేశ్వరినగర్, బ్యాటరాయనపుర, యలహంక కూడా అలాగే విడిగా ఉండేవి. బెంగళూరుకు తూర్పు వాకిలి కె.ఆర్.పురం. చిత్తూరు, తిరుపతి, మదనపల్లె బస్సులకు టిన్ ఫ్యాక్టరీ, కె.ఆర్.పురం స్టాపుల్లోనే సగం సీట్లు నిండుతాయి. ఒకే రోడ్డు మీద రహదారి, సంత, తాలూకా ఆఫీసు, రైల్వే స్టేషను దారి, రింగ్ రోడ్డు కూడలి అన్నీ వచ్చి పడ్డాయి. వేలాడే వంతెన కట్టారు. 2023 మార్చిలో ఇక్కడి నుంచి వైట్‌ఫీల్డుకు, అక్టోబరులో బైయప్పనహళ్లి వైపుకు మెట్రో నడిచింది. సిల్క్‌బోర్డు వైపు లైను పనులు కూడా వచ్చాయి. ఇవన్నీ కావలసినవే, నేను వద్దనను. కానీ ఒక్కొక్కటి వచ్చినప్పుడల్లా ఆ ఒక్కదాని కోసం రోడ్డును సర్దడమే తప్ప, ఈ వాకిలి అంతటినీ ఒకే కాగితం మీద పెట్టుకుని చేసిన పని నా కంటికి కనబడలేదు.

మా వీధి సంగతే చెబుతాను. ఎన్నాళ్లో అడిగితే తారు పడింది. ఆ వానాకాలం పూర్తికాకముందే ఒక ఇంటర్నెట్ కంపెనీ వచ్చి అంచు వెంట తవ్వింది. తవ్వేటప్పుడు నీళ్ల పైపు జాయింటు కదిలింది. అది కారడం మొదలుపెట్టాక దాని కోసం ఇంకొకరు వచ్చి అడ్డంగా తవ్వారు. కొన్నాళ్లకు గ్యాస్ పైపు వాళ్లు. ప్రతివాళ్ల దగ్గరా పర్మిషను కాగితం ఉంది, ప్రతివాళ్లూ రోడ్డు కోసినందుకు ఫీజు కట్టారు. తప్పు ఫలానావాళ్లదని వేలు చూపించడానికి లేదు. రోడ్డు మాత్రం పోయింది.

ఈ పని లోపలి నుంచి చూసినవాణ్ని కాబట్టి అది ఎలా జరుగుతుందో కాస్త వివరంగా చెప్పాలి. రోడ్డు తవ్వే పని ఎక్కువగా రాత్రిపూట. ట్రాఫిక్ తగ్గాక మొదలుపెట్టి తెల్లారేలోపు మూసేయాలి. ఫైబరు కేబులుకు ప్రభుత్వ టెలిఫోన్ పనుల్లో ట్రెంచి లోతు 165 సెంటీమీటర్లు అని నియమం. ఊరి మధ్యలో అంత లోతుకు దిగాలంటే ముందు నీళ్ల పైపు తగులుతుంది, తర్వాత యూజీడీ, అంటే మురుగు పైపు, ఒక పక్క కరెంటు కేబుళ్లు. చేతికి మ్యాపు ఇవ్వరు. ఇచ్చినా అందులో గీసిన చోట పైపు ఉండదు. గడ్డపార వేసినప్పుడు మట్టికి ఒక చప్పుడు, ఇటుకకు ఒక చప్పుడు. కరెంటు కేబులు వేసినప్పుడు దాని పైన ఇసుక పోసి ఇటుకలు పరుస్తారు, తర్వాత తవ్వేవాళ్లకు గుర్తుగా. ఇటుక చప్పుడు వినబడగానే మంచి మేస్త్రీ గడ్డపార ఆపించి, మనుషుల్ని కూర్చోబెట్టి చేత్తో మట్టి తీయిస్తాడు. హైటెన్షన్ కేబులుకు గడ్డపార తగిలితే ఏమవుతుందో మా వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

మూసేటప్పుడు అసలు కథ. అరడుగు మట్టి పోసి, నీళ్లు చల్లి, దిమ్మిస కొట్టి, మళ్లీ అరడుగు పోయాలి. అలా పైదాకా రావాలి. తెల్లవారుజామున ట్రాఫిక్ వాళ్లు అరుస్తుంటే ఆ ఓపిక ఎవరికీ ఉండదు. తీసిన మట్టంతా ఒక్కసారిగా తోసేసి, పైన జెల్లి కంకర చల్లి బండి ఎక్కేస్తారు. మొదటి పెద్ద వానకు అది దిగబడుతుంది. దాని మీద ఎంత మంచి తారు పొరలు వేసినా అంచు విరుగుతుంది, ఆ చీలికలోంచి నీళ్లు దిగి పక్కనున్న మంచి రోడ్డును కూడా తినేస్తాయి. జనం ఆ గుంట చూసి కాంట్రాక్టరు తారు దొంగిలించాడంటారు. కొన్నిచోట్ల అదీ ఉండొచ్చు. నేను చూసిన గుంటల్లో ఎక్కువ భాగం సరిగా పూడ్చని ట్రెంచి మీద పడినవే.

ఇంకోటి, తారు మీద తారు. పాతది గీకి తీయకుండా పైపైన వేసుకుంటూ పోతే ప్రతిసారీ రోడ్డు ఎత్తు పెరుగుతుంది. పాత మద్రాసు రోడ్డు పక్కన కొన్ని పాత దుకాణాల గడపలు ఇప్పుడు రోడ్డు కన్నా కింద ఉన్నాయి. ఒకప్పుడు మెట్టెక్కి లోపలికి పోయేవాళ్లు, ఇప్పుడు మెట్టు దిగి పోతున్నారు. వాన పడితే నీళ్లకు దారి దుకాణంలోకే. వాన కాలువకు వాలు సరిపోయిందా లేదా అని లెవెల్ పెట్టి చూడకుండా రోడ్డు ఎత్తు నిర్ణయించడం ఎంత నష్టమో అక్కడి కిరాణా వ్యాపారిని అడగండి. హొసకోటెలో అయితే పెద్ద చెరువు ఉంది. కాలువలు ఎటు వాలుతాయి, చెరువులోకి వాన నీళ్లు పోతాయా మురుగు పోతుందా అనేది కూడా ఈ రోడ్డు గీతలోనే తేలిపోతుంది.

బాగా చేసిన పని కూడా ఈ ఊళ్లోనే ఉంది. నడిబొడ్డున సెయింట్ మార్క్స్ రోడ్డు, రెసిడెన్సీ రోడ్డు, కన్నింగ్‌హామ్ రోడ్డు, విఠల్ మాల్య రోడ్డు వంటి ఏడు రోడ్లను మొదటి విడతలో టెండర్‌ష్యూర్ పద్ధతిలో చేశారు. నీళ్లకు, యూజీడీకి, వాన కాలువకు, కరెంటుకు, ఫైబరుకు దేని చోటు దానికి ఇచ్చారు. కేబుళ్లకు ఖాళీ పైపులు ముందే పరిచి, ఫుట్‌పాత్ మీద చాంబర్లు కట్టారు. అలాంటి చోట కేబులు వేయడమంటే ఏముంది, చాంబరు మూత ఎత్తాలి, పైపులో ముందే వదిలిన తాడుకు కేబులు కొస కట్టాలి, అవతలి చాంబరు దగ్గర ఇద్దరు నిలబడి నెమ్మదిగా లాగాలి. పార అక్కర్లేదు, రోలరు అక్కర్లేదు. రోడ్డు మీద పోయే బైకువాడికి పని జరుగుతున్నట్టే తెలియదు. మొదటిసారి ఆ పని చూసిన రోజు మా గ్యాంగులో పెద్దాయన ఒకాయన, "ఇన్నాళ్లూ మనం ఎందుకు తవ్వాం సార్?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

ఆ రోడ్లకు ఖర్చు ఎక్కువైందని, బళ్లకు చోటు తగ్గిందని విమర్శలు వచ్చాయి. ఖర్చు ఎక్కువన్నది నిజమే. హొసకోటెకి గ్రానైటు రాళ్లు, అలంకార దీపాలు అక్కర్లేదు. మామూలు కాంక్రీటు పలకలు చాలు. కావలసింది కింది పని. ఇప్పుడు చాలాచోట్ల తారు బదులు కాంక్రీటు, వైట్ టాపింగ్ అంటున్నారు. గుంటలు పడవు, మంచిదే. కింద సర్దకుండా దాన్ని వేస్తే మాత్రం ముందుకన్నా కష్టం. కాంక్రీటు కోస్తే మళ్లీ అతుకు సరిగా కుదరదు. చొక్కా తొడుక్కున్నాక బనియను వేసుకోబోయినట్టు ఉంటుంది ఆ పని.

2023 మార్చిలో కేంద్రం 'కాల్ బిఫోర్ యు డిగ్' అనే యాప్ తెచ్చింది. చెప్పాపెట్టకుండా తవ్వడం వల్ల దేశంలో ఏటా దాదాపు 3,000 కోట్ల రూపాయల నష్టం వస్తోందని అప్పుడు ప్రభుత్వమే చెప్పింది. మంచి యాప్, వాడాలి. అయితే అది తవ్వేటప్పుడు పక్కవాడి కేబులు తెగకుండా చూసేది. అసలు తవ్వే అవసరమే లేకుండా చేయాల్సింది రోడ్డు ప్లాను వేసేవాళ్లు.

ఇక డబ్బు. నగరసభ దగ్గర అంత డబ్బెక్కడిది అంటారు. ఒకేచోట లేదు, నిజమే. విడివిడిగా ఉంది. 2021 నుంచి 2026 వరకు 15వ ఆర్థిక సంఘం చిన్న పట్టణాలకు ఇచ్చే నిధుల్లో 60 శాతం మంచినీళ్లకు, పారిశుద్ధ్యానికి కట్టేసింది, 40 శాతం జీతాలకు తప్ప ఊరి అవసరాన్ని బట్టి వాడుకోమంది. 2026 ఏప్రిల్ నుంచి 16వ సంఘం లెక్క. షరతులు ఎలా మారినా నీళ్ల పైపుకు, మురుగు పైపుకు ఒక పద్దు, రోడ్డుకు ఇంకో పద్దు ఉండటం కొత్త కాదు. ఆ రెండు పద్దుల పనీ ఒకే రోడ్డు మీద ఉన్నప్పుడు ఒకే వేసవిలో, ఒకే వరసలో చేయడానికి ఏ చట్టమూ అడ్డం లేదు. రాష్ట్రం నుంచి నగరోత్థాన నిధులు పట్టణాలకు వస్తుంటాయి. పెట్రోలు, డీజిలు సెస్సుతో 2000 నాటి చట్టం కింద ఏర్పడిన కేంద్ర రోడ్డు, మౌలిక సదుపాయాల నిధి ఉంది, అది రాష్ట్ర రోడ్లకూ ఇస్తారు. బైపాసు వచ్చి పాత జాతీయ రహదారి ముక్క ఊళ్లో మిగిలిపోయినప్పుడు, దాన్ని ఒక్కసారి బాగుచేసే ఖర్చు ఇచ్చి రాష్ట్రానికి అప్పగించే పద్ధతి కేంద్ర రవాణా శాఖలో ఉంది. ఆ ఒక్కసారి వచ్చే డబ్బును పై పూతకు పెట్టేస్తే ఇంకోసారి రాదు. రాష్ట్ర ప్రజాపనుల శాఖ, నగరసభ ఆ డబ్బు అడిగేటప్పుడే కాలువ, డక్టులు (కేబుళ్లకు ముందే వేసే ఖాళీ పైపులు), ఫుట్‌పాత్ ఎస్టిమేటులో రాయించుకోవాలి. తర్వాత రాయించుకుందామంటే కుదరదు, ఇది నేను గట్టిగా చెబుతున్నాను.

లేఅవుట్ల వాళ్ల సంగతి కూడా చెప్పాలి. హొసకోటె చుట్టూ పొలాలు సైట్లు అవుతున్నాయి. భూమి వాడకం మార్చేటప్పుడు, ప్లాను మంజూరు చేసేటప్పుడు ప్లానింగ్ అథారిటీలు రుసుములు వసూలు చేస్తాయి. కర్ణాటక పట్టణ ప్రణాళిక చట్టంలో నీటి సరఫరాకు, రింగ్ రోడ్డుకు సెస్సు కూడా ఉంది. మా అమ్మాయి వాళ్లు సైటు కొన్నప్పుడు బ్రోచరులో 'ఎక్స్‌ప్రెస్‌వేకి పది నిమిషాలు' అని పెద్ద అక్షరాలతో వేశారు. ఆ పది నిమిషాల దారి వల్లే సైటు ధర పెరిగింది. పెరిగిన దాంట్లో కొంత ఆ దారికి రావడం న్యాయం. ఇలా వచ్చిన రుసుము ఎంత, అందులో ముంగిట రోడ్డుకు ఎంత పెట్టారు అని ఏటా నగరసభ బోర్డు మీద రాస్తే జనానికి నమ్మకం వస్తుంది.

అన్నిటికన్నా తేలిక దారి కేబుల్ కంపెనీలు. ప్రతి కంపెనీ తవ్వినప్పుడల్లా కోత రుసుము కడుతూనే ఉంది. ఆ డబ్బు రోడ్డు అతుకులకు పోతుంది, అతుకులు అతుకుల్లాగే ఉంటాయి. దాని బదులు నగరసభే ఖాళీ పైపులు వేసి, తాడు వదిలి, కంపెనీల దగ్గర అద్దె తీసుకోవచ్చు. కంపెనీలకు కూడా తవ్వడం కన్నా అద్దె చౌక. లేబరు, జేసీబీ, రాత్రి పర్మిషను, తెగిన పైపుకు నష్టపరిహారం అన్నీ లెక్కేసుకుంటే అందరికీ లాభమే. మా పాలమూరు వాళ్లకు తవ్వే పని తగ్గుతుందేమో. చాంబర్లు కట్టడం, కేబుళ్లు లాగడం, జాయింట్లు వేయడం కూడా పనే, రాత్రంతా గడ్డపార పట్టడం కన్నా మంచి పని.

అప్పు సంగతి. 1997లో బెంగళూరు మహానగర పాలికె రాష్ట్రం హామీతో 125 కోట్ల రూపాయల బాండ్లు తెచ్చింది, దేశంలో తొలినాటి మునిసిపల్ బాండ్లలో అవి ఒకటి. 2018లో హైదరాబాదు కార్పొరేషన్ రోడ్ల పథకం కోసం 200 కోట్లు ఇలాగే తెచ్చింది. హొసకోటె లాంటి ఊరికి ఒంటరిగా బాండ్లు ఎవరూ కొనరు. కానీ 2005లో జరిగింది గుర్తుచేసుకోండి. కె.ఆర్.పురంతో సహా బెంగళూరు చుట్టూ ఉన్న ఎనిమిది చిన్న ఊళ్ల నీటి పథకానికి ఉమ్మడి నిధి పేరుతో 100 కోట్ల బాండ్లు అమ్మారు. ఇళ్లవాళ్లు కూడా ముందుగా తమ వాటా కట్టారు. పైపులు వచ్చినా చాలాచోట్ల కావేరి నీళ్లు రావడానికి ఏళ్లు పట్టింది, అది వేరే బాధ. పద్ధతి మాత్రం పనికొచ్చేదే. ఇవాళ దొడ్డబళ్లాపుర, దేవనహళ్లి, హొసకోటె, ఆనేకల్, కనకపుర, రామనగర, మాగడి ఒకే రింగ్ రోడ్డు దారిలో ఉన్నాయి. అందరి కష్టమూ ఒకటే, పెద్ద రోడ్డు నుంచి ఊళ్లోకి దిగే ముక్క. అవన్నీ కలిసి ఒక నిధి పెట్టుకోవచ్చు. అయితే నా గట్టి అభిప్రాయం ఒకటుంది. అప్పు తెచ్చిన డబ్బు తారుకు పెట్టకూడదు. పదిహేనేళ్లు తీర్చే అప్పుతో నాలుగైదేళ్లకు పోయే పూత వేయడం అన్యాయం. అప్పు తెస్తే పైపులకు, కాలువకు, డక్టులకు, భూమికి పెట్టాలి. అవి అప్పు తీరాక కూడా ఉంటాయి.

భూమి గురించి ఎక్కువ రాయను. మాస్టర్ ప్లానులో రోడ్డు వెడల్పు ఎంత ఉందో అంతా ఇప్పుడే సర్వే చేసి రాళ్లు పాతాలి. షాపింగ్ కాంప్లెక్సులు లేచాక పగలగొట్టడం ఎవరి వల్లా కాదు. డబ్బు బదులు టీడీఆర్, అంటే వేరేచోట ఎక్కువ కట్టుకునే హక్కు కాగితం, ఇస్తామంటే చిన్న దుకాణందారుడు దాన్ని ఏం చేసుకుంటాడు? అలాంటివాళ్లకు రొక్కం ఇవ్వాలి.

నడిచేవాళ్లకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నియమాల్లో కనీసం 1.8 మీటర్ల అడ్డంకి లేని ఫుట్‌పాత్ ఉండాలని ఉంది, అంచు రాయి ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదని ఉంది. బెంగళూరులో మోకాలి దాకా ఎత్తిన ఫుట్‌పాత్‌లు ఎన్నో చూశాం. వాటి మీద ఎక్కలేక రోడ్డు మీద నడిచే ముసలివాళ్లను కూడా చూస్తున్నాం. బస్సులకు బే, లారీలకు ఊరి బయట నిలిపే చోటు, బొండాల బండికి, పూల బండికి గీత గీసిన చోటు, ఇవన్నీ డ్రాయింగులోనే ఉండాలి. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ కమిటీలో 40 శాతం సభ్యులు వ్యాపారులే. రోడ్డు గీసేటప్పుడు వాళ్లను పిలిస్తే, ఏ పూట ఎక్కడ జనం ఆగుతారో వాళ్లే చెబుతారు. రోడ్డయ్యాక పోలీసులతో తరిమించడం కన్నా ముందే అడగడం మేలు.

అలాగే ప్రమాదాల లెక్క. 500 మీటర్ల ముక్కలో మూడేళ్లలో మరణం గానీ తీవ్ర గాయం గానీ అయిన ప్రమాదాలు ఐదు జరిగినా, పది మంది చనిపోయినా దాన్ని బ్లాక్ స్పాట్ అంటారు. ఊరి ముంగిట అలాంటి చోట్లు ఎన్ని ఉన్నాయో పోలీస్ స్టేషను రికార్డులోంచి తీసి ముందు ఆ డ్రాయింగు మీద ఎర్ర చుక్కలు పెట్టండి. వెడల్పు తర్వాత చూడొచ్చు, ముందు జనం రోడ్డు దాటే చోట్లు చూడాలి.

హొసకోటె నగరసభకు, ప్రజాపనుల శాఖకు, జాతీయ రహదారుల సంస్థకు, కరెంటు సంస్థ బెస్కాంకు మీ పత్రిక ద్వారా నేను అడిగేది ఇదీ. ఈ రోడ్డుకు ఎవరు ఏ పని మంజూరు చేసినా ముందు నలుగురూ ఒకే డ్రాయింగు మీద సంతకం పెట్టాలి. అందులో భూమి హద్దు, కింద పోయే ప్రతి పైపు లోతు, ఏది ముందు ఏది తర్వాత, ఏ పద్దు నుంచి ఎంత, అన్నీ ఉండాలి. టెండరు పిలిచే ముందు ఆ డ్రాయింగును పెద్ద సైజులో బస్టాండు గోడ మీద, నగరసభ గోడ మీద నెల రోజులు అతికించాలి. తారు టెండరు ఆఖరున. ఆ తర్వాత కూడా ఎవరైనా తవ్వాలంటే, డక్టులో ఎందుకు పట్టలేదో రాసి ఇచ్చాకే పర్మిషను ఇవ్వాలి.

కొలతలు తీసే రోజుల్లో ఒక పని చేయండి. ఆ రోడ్డు వెంట ఏళ్ల తరబడి ట్రెంచిలు తవ్విన మేస్త్రీలు ఇంకా కె.ఆర్.పురం, హొసకోటె చుట్టుపక్కలే ఉన్నారు. ఏ చెట్టు దగ్గర కేబులు మలుపు తిరిగింది, ఏ గేటు ముందు నీళ్ల పైపు పైకి వచ్చింది, ఎక్కడ ఇటుకలు పరిచాం, వాళ్లకు గుర్తుంది. మ్యాపుల్లో లేనిది వాళ్ల దగ్గర ఉంది. సర్వే ఇంజనీర్లతో పాటు వాళ్లను కూడా నడిపించండి, కూలి ఇవ్వండి. పిలిస్తే నేనూ వస్తాను. మీ పత్రిక ఆఫీసులో నా ఫోన్ నంబరు ఇచ్చాను.

ఇట్లు,
విశ్రాంత కేబుల్ పనుల సూపర్‌వైజరు,
కె.ఆర్.పురం, బెంగళూరు.